సుద్ద పళ్లు

కట్టుడు పళ్లు చేసే ఆమెకు మూడు నెలలుగా దవడ కీలు నొప్పి. నోరు తెరిస్తే చెవి పక్కన టక్కుమనేది.

"నిద్రలో పళ్లు కొరుకుతున్నావమ్మా," అన్నాడు డాక్టరు. మెత్తటి తిండి తినమన్నాడు, కాపడం పెట్టుకోమన్నాడు, రాత్రిళ్లు పళ్లకు తొడుగు వేసుకోమన్నాడు. ఆమె తన పళ్లకే సుద్ద అచ్చు తీసి, తొడుగు తనే చేసుకుంది. నొప్పి తగ్గకపోగా ఆనాటినుంచి రెట్టింపైంది.

ఒక రాత్రి నిద్ర పట్టక, చెంపకు వేడి తడిగుడ్డ అదుముకుని మంచంమీద కూర్చుంది. ఎక్కడో పళ్లు నూరుతున్న చప్పుడు. నోట్లో వేలు పెట్టి చూసుకుంది. తన పళ్లు ఎడంగానే ఉన్నాయి. పక్కన మొగుడు నోరు బార్లా తెరుచుకుని నిద్రపోతున్నాడు. చప్పుడు పనిగదిలోంచి వస్తోంది. అది కరకరమన్నప్పుడల్లా ఆమె దవడ కలుక్కుమంటోంది.

వెళ్లి లైటు వేయగానే చప్పుడు ఆగింది. బల్లమీద తన అచ్చు, ఏ కీలూ లేని రెండు సుద్ద ముక్కలు, ఒకదానిమీద ఒకటి. చుట్టూ తెల్లటి పొడి. సాయంత్రమే కదా బల్ల తుడిచింది! ఏం తోచక, చేతిలోని గుడ్డ మడిచి ఆ పళ్ల మధ్య పెట్టింది. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది.

"ఈ వేళప్పుడు ఏంటే ఇది?" గుమ్మంలోంచి మొగుడు అడిగాడు.

"నొప్పి పోయిందండీ. ఎందుకు పోయిందో తెలీట్లేదు."

"తడిగుడ్డ పెడితే సుద్ద నానిపోదూ? తీసెయ్."

నిజమే అనుకుని గుడ్డ కొస పట్టి లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. పై దవడా కింది దవడా రెండూ గుడ్డను వదలకుండా బల్లమీంచి పైకి లేచాయి.