పాజ్ లేని ఆట

లారీ టైరు మార్చడానికి కట్టంగూరు బయలుదేరుతూ గోపీకృష్ణ, హైవే పక్కనున్న తన పంక్చర్ షాపును చెల్లెలికి అప్పజెప్పాడు.

"జర చూస్కోవే నిరోషా. భయమైతే ఫోన్ చెయ్."

"భయమేందన్నా? నువ్వొచ్చేసరికి నీ రికార్డు దాటుత. రేపు షాపు ఊడ్చుడు నీ వంతే!"

పాత చేతి గేమ్ మిషన్ కోసం నిరోష సొంతంగా రాసిన, పైనుంచి జారే ఇటుకలను వరుసగా పేర్చే ఆట అది. అన్న మధ్యలో ఆపి ఆలోచించుకుంటాడని, కావాలనే అందులో పాజ్ పెట్టలేదు.

రాత్రి తొమ్మిదింటికి ఒక బైకు వచ్చింది. ఆట పోయినట్టే అనుకుంటూ లేచి గాలి కొట్టింది. తిరిగొచ్చి చూస్తే ఇటుక సగంలో ఆగి ఉంది. ఆమె కూర్చోగానే కిందికి జారింది. వెనక గదిలో కుండనీళ్లు తాగడానికి లేచినప్పుడూ అంతే.

"నేను రాసిందే, లేస్తే ఆగుతదని నాకే తెల్వదు!" అని పగలబడి నవ్వింది.

ఇంకో వరుస నిండితే రికార్డు ఆమెదే. అప్పుడు ఇటుక మళ్ళీ ఆగింది.

ఈసారి ఆమె లేవలేదు.

వెనక గదిలో కుండ మూత జరిగింది. ఎవరో గటగటా నీళ్లు తాగారు. గ్లాసు బోర్లించిన చప్పుడైంది. కాసేపటికి పక్కనున్న ఖాళీ స్టూలు కిర్రుమంది.

ఇటుక కిందికి జారింది.