బోణీకి ముందు

“ఇంకా తిరుగుతనే ఉంది సేటు,” అన్నాడు పండరి, కంప్యూటర్ తెర మీంచి కళ్ళు తీయకుండా.

కౌంటర్ అవతల పదకొండు మంది రైతులు. బిచ్కుంద భీంరావు విత్తనాల సంచి మీద చెయ్యేసి అరగంటగా నిలబడ్డాడు. బిల్లు రాదు. బిల్లు రానిదే సంచి కదలదు.

“నువ్వు బిల్లు ఇచ్చేలోపు నా మడిల వరి కోతకొస్తది సేటు.”

వెనకవాళ్ళు నవ్వారు. అందులో ఇద్దరు నవ్వుతూనే ఎదురు దుకాణంలోకి నడిచారు.

వెంకట్రాములు వాళ్ళ వీపులు చూస్తూ కూచున్నాడు. బాన్సువాడలో ముప్పై ఏళ్ళ విత్తనాల దుకాణం అతనిది. నడిచిపోయే వీపును చూసి అది తిరిగొస్తుందో రాదో చెప్పగలడు. ఈ రెండూ రావు.

రోజూ ఇదే తంతు. పదకొండు దాటితే గానీ యంత్రం దారికి రాదు. అప్పటికి సగం బేరం ఎదుటివాడి పాలు. అతనికి కంటి ఆపరేషనై పది రోజులు కాలేదు. నల్లద్దాల వెనక కన్ను నీరు కారుతోంది. నిజామాబాద్ దవాఖానలో ఆ రెండు రోజులూ పండరే తోడున్నాడు. దుకాణం భార్య గంగమణి చూసుకుంది.

“ఇగో, ఇంటున్నవా,” అంది గంగమణి టీ గ్లాసు పెడుతూ. పెళ్ళైన నాటి నుంచీ ఆమెకు మొగుడు ‘ఇగో’నే. “మీరిద్దరు లేని రెండు దినాలు మిషను గుర్రం లెక్క ఉరికింది. మీరొచ్చిండ్రు, మళ్ళ పండుకుంది.”

ఆ మాట వెంకట్రాములు మనసులో ముల్లులా దిగింది.

లోపం తన వైపు లేదని అతని లెక్క. బోణీకి ముందు నిన్నటిది ఏదీ మిగలకూడదని అతని నియమం. గడప కడగాలి, పటాల మీది వాడిన పూలు తీయాలి, కౌంటర్ తుడవాలి. చివరికి ఫోన్‌లో కూడా చీపురు బొమ్మ నొక్కి, ఎర్రగా ఉన్నది పచ్చబడ్డాకే అగరుబత్తి వెలిగిస్తాడు. ఆ కాసేపూ కంప్యూటర్ దగ్గర ఉండేది పండరి ఒక్కడే.

మధ్యాహ్నం ప్రియాంక వచ్చింది. పిట్లంలో కంప్యూటర్లు బాగుచేసే పిల్ల. వెనక గదిలో నల్ల డబ్బా ముందు కూచుంది.

“డబ్బా ఒక్కటే గానీ లోపల మూడు కంప్యూటర్లు నడుస్తున్నయి అంకుల్. బిల్లుకొకటి, గోదాముకొకటి, కెమెరాలకొకటి. లినక్స్ సర్వర్ ఇది.”

“తెలుసు బిడ్డా. పెట్టిన నాందేడాయన అన్నీ చెప్పిండు, నా ఫోన్ గూడ దీనికి కలిపి సర్దిచ్చిండు. ఇప్పుడు ఫోన్ జేస్తె ఎత్తుతలేడు. మెమరీ నిండిందట గదా, కొత్తది ఎయ్యి.”

“నిండితే తప్పేంది? మీ కౌంటర్ కింద జాగ ఖాళీగ ఉందా?”

“ఎందుకుంటది? రోజూ పోయే విత్తనం అక్కడనే పెడత. అడగంగనే తీసిస్త. గడియకోసారి గోదాం దాక ఎవడు ఉరుకుతడు?”

“కొత్త సరుకొస్తే?”

“దీన్ని జరిపి దాన్ని పెడత.”

“ఇది గూడ గదే చేస్తది. ఒకసారి డిస్క్ నుంచి తెచ్చింది మెమరీల అట్లనే ఉంచుకుంటది, మళ్ళ అడిగితే చప్పున ఇచ్చేటందుకు. దాన్ని కాష్ అంటరు. ఎవరికన్న జాగ కావాలంటే అదే ఖాళీ చేసిస్తది. ఖాళీ ఎంతుందని కాదు, కావాలంటే ఎంత దొరుకుతదని చూడాలె. మీకు సగానికెక్కువ దొరుకుతది. కొత్తది కొనకండి.”

చేతికొచ్చిన బేరాన్ని వదులుకొని నిజం చెప్పే మనిషిని వెంకట్రాములు చాలా రోజులకు చూశాడు.

“మరి పొద్దుగాల ఎందుకు పండుకుంటది?”

ప్రియాంక తెర మీద వరసలు పైకీ కిందికీ జరిపింది. ఒకచోట ఆగిపోయింది.

“రోజూ ఎనిమిదీ యాభై అయిదుకు ఎవరో కాష్ మొత్తం ఖాళీ చేస్తుండ్రు. ఏదో ఫోన్ నుంచి, దుకాణం వైఫై మీదనే. కౌంటర్ కింది సంచులన్ని మోసి గోదాముల పడేసినట్టు. ఒక్కొక్కటి మళ్ళ తెచ్చుకునేసరికి పదకొండయితది.” ఇంకో వరస చూసి, “పోయిన మంగళ, బుధవారాలు మాత్రం చెయ్యలే,” అంది.

మంగళ, బుధ. పండరి దుకాణంలో లేని రెండు రోజులు. లెక్క కుదిరిపోయింది.

వెంకట్రాములు బయటికి వచ్చాడు. “పండరీ, ఎదురు దుకాణమోడు ఎప్పటి సంది నీకు దోస్తు?”

“ఏందంటున్నవ్ సేటు?”

“రోజూ నా కౌంటర్ ఖాళీ చేస్తున్నవట గదా.”

“నాకు గా కాష్ అంటే ఏందో గిప్పుడే తెల్సింది!”

“అంకుల్, నేను ఎవరి పేరు చెప్పలే,” అంది వెనకే వచ్చిన ప్రియాంక కంగారుగా. “ఏ ఫోనో ఇందుల రాయలేదు. రేపటి సంది ఎవరు చేసినా ఆ ఫోన్ పేరు మీకు మెసేజ్ వచ్చేటట్టు పెడుత. ఒక్క దినం ఆగండి.”

“చేసినోడు ఎవడైనా ఇగ నా గడప తొక్కేది లేదు. ఆగేదేముంది?”

పండరి తాళంచెవుల గుత్తి తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఇరవై రెండేళ్ళుగా అతని నడుముకున్న గుత్తి అది.

“నీ కంట్ల చుక్కలేసిన దినం గీ చేతులు మంచిగనే ఉండె సేటు,” అన్నాడు. మెట్లు దిగి మళ్ళీ వెనక్కి తిరిగాడు. “నాలుగు గంటలకోసారి మందు. మర్వకు.”

మర్నాడు షట్టర్ వెంకట్రాములే ఎత్తుకోవలసి వచ్చింది. తనే గడప కడిగాడు, నడుము పట్టేసింది. చుక్కల మందు కంట్లో పడకుండా చెంప మీద జారింది. పూలు తీశాడు. కౌంటర్ తుడిచాడు. ఫోన్ కూడా ఊడ్చాడు, పచ్చబడింది. అగరుబత్తికి అగ్గిపుల్ల గీయబోతుంటే ఫోన్ టింగుమంది.

గోడ గడియారం చూశాడు. ఎనిమిదీ యాభై అయిదు.

“దొరికిండు! పనిల నుంచి తీసేసినా బుద్ధి పోలే. ఆడ రోడ్డు మీద నిలబడి చేస్తుండు!” అంటూ ఫోన్ గంగమణి చేతిలో పెట్టాడు. “నాకు అక్షరాలు ఆనుతలేవు. పేరు చదువు.”

గంగమణి చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. తలెత్తి అతని వైపు చూసింది.

“ఏందట్ల చూస్తవ్? పేరు చెప్పు!”

“కట్టుకున్నోని పేరు ఎట్ల పలుకుత?”