రెండో వైపు, మూడో పాట

"ముందు ఆ పళ్లెం ఇరగ్గొట్టీండి అయ్యగారూ! అది ఇరిగితే గానీ నాను ఈ కుర్చీలోంచి లెగను" అంది ఎలీసమ్మ.

పళ్లెం అంటే ఎజ్రా ఒళ్లో ఉన్న గ్రామఫోను రికార్డు. అమెరికావాళ్ల పాత జాజ్-రాక్ ఆల్బం. లోకమంతా గొప్పదని ఒప్పుకున్నదే గానీ, శృంగవరపుకోటలోని ఆ చిన్న చర్చికి ఆ కబురు ఇంకా చేరలేదు. ఆదివారం ఆరాధనలో గిటారు వాయించే కుర్రాడు ఇంట్లో ఇలాంటివి వింటున్నాడని పక్కింటి ఎలీసమ్మ ఫిర్యాదు చేసింది. పెద్దలు విని తేల్చాలి. వద్దంటే ఎజ్రా గిటారు ఇక చర్చిలో మోగదు. పన్నెండేళ్లుగా అతనికి ఆదివారం అంటే ఆ గిటారే.

"వినకుండా తీర్పు చెప్పకూడదమ్మా" అన్నారు పాస్టరుగారు. ప్రార్థన చేయనిదే ఆ చర్చిలో ఏ పనీ మొదలవదు కాబట్టి, ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేశాకే ఎజ్రా రికార్డు మీద ముల్లు పెట్టాడు.

మొదటి వైపు అయ్యేసరికి అందరి ముఖాలూ మాడిపోయాయి.

"వాయించీవోళ్లు నలుగురు. నలుగురూ నాలుగు పాటలు వాయిస్తన్నారు" అన్నాడు రిటైర్డ్ హెడ్మాస్టరు ధనరాజ్, నోటుపుస్తకంలో రాసుకుంటూ.

"ట్రంపెట్ బాగానే ఉన్నాదండి. ఆ బాబు ఊపిరెప్పుడు తీస్తాడోనని నాకే దడొచ్చీసింది" అంది స్త్రీల సమాజం బేబీ.

"సాతాను వంటింట్లో గిన్నెలు ఇలాగే మోగుతాయి" అంది ఎలీసమ్మ. "ఒరే ఎజ్రా! ఈ దిక్కుమాలింది నీకెవరిచ్చినార్రా?"

ఇచ్చినాయన ఎవరికీ చెప్పొద్దని ఎజ్రా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఎజ్రా రికార్డు అట్టని గుండెలకి ఆనించుకుని, దాని మూల మీద బొటనవేలు నొక్కిపెట్టి కూర్చున్నాడు.

"సెప్పడు. సూసినారా ఆడి పొగరు!"

"రెండో వైపు కూడా వేయి బాబూ" అన్నారు పాస్టరుగారు.

ఎజ్రా గబుక్కున రికార్డు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒద్దండి అయ్యగారూ. ఒకవైపు సాలు. గిటారు మానీమంటే మానేస్తాను."

"సగం విని తీర్పేంటయ్యా? వేయి."

వేయక తప్పలేదు. రెండు పాటలు గడిచాయి. ధనరాజ్ పుస్తకంలో 'వద్దు' అని రాసి కింద గీత కూడా గీశాడు. అప్పుడు మూడో పాట మొదలైంది. డ్రమ్ములు అణిగిపోయాయి. పియానో ఒక్కటే, తీరిగ్గా, ఒక్కొక్క మెట్టూ దిగుతూ వచ్చింది.

బేబీ చెయ్యి దానంతటదే పర్సులోకి వెళ్లింది. ధనరాజ్ చెయ్యి చొక్కా జేబులోకి వెళ్లింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇది మన కానుకల రాగం కాదేటండీ!" అంది బేబీ.

కానుకల సంచి తిరిగేటప్పుడు ఎజ్రా ప్రతి వారం వాయించే రాగం అది. అతనికి ముందు ముప్పై ఏళ్లు అదే రాగాన్ని హార్మోనియం మీద వాయించినవాడు ఎలీసమ్మ భర్త, చనిపోయిన అప్పారావు. అది ఆయన సొంతంగా కట్టిన రాగమని సంఘమంతా చెప్పుకుంటుంది.

ఎలీసమ్మ తిరుగుతున్న రికార్డుని చూసింది. ఎజ్రా చేతిలోని అట్టని చాలాసేపు చూసింది. పాట సాంతం అయ్యాక దిగ్గున లేచింది.

"దొంగలు! అమెరికా దొంగలు! ఎనభై ఒకటిలో మా పెళ్లికి ఆయన నాకోసం కట్టిన రాగమిది. ఎత్తుకుపోయినార్రా బాబూ!"

"అప్పారావు రాగం అమెరికా ఎలాగెల్లినాది?" అన్నాడు ధనరాజ్.

"దొరలొచ్చి మన ఆరాధన టేపుల్లోకి ఎక్కించుకునీవోరు కాదేటి? అలాగే ఎల్లుంటాది!"

ధనరాజ్ తలూపాడు. కానీ హెడ్మాస్టరు బుద్ధి ఊరుకుంటుందా! "ఒరే, ఆ అట్ట మీద ఏ సంవత్సరమని ఉన్నాదో సూడు" అన్నాడు.

ఎజ్రా అట్ట మూల మీద బొటనవేలు ఇంకా గట్టిగా నొక్కాడు.

"సంవత్సరం దేనికి మాస్టారూ? పెళ్లాన్ని నాను బతికుండగా అట్టనడుగుతారేటి సాక్ష్యం?" అని గయ్యిమంది ఎలీసమ్మ. "రాగం మనది. ఆ పళ్లెం ఈడి దగ్గరే బద్రంగా ఉండాలి."

తీర్పు చెప్పే బాధ తప్పినందుకు పాస్టరుగారి ముఖం వికసించింది. మన రాగమే అయినప్పుడు తప్పేముంది, ఎజ్రా ఎప్పటిలాగే గిటారు వాయించవచ్చు అన్నారు. ధనరాజ్ 'వద్దు' కొట్టేశాడు. "మన రాగం ఎంత దూరం పోయినాదండీ!" అని బేబీ కళ్లు తుడుచుకుంది.

ఎజ్రా బయటికొచ్చి చర్చి మెట్ల మీద కూలబడ్డాడు. గిటారు పోలేదు. ఒట్టూ పోలేదు. హాయిగా నవ్వొచ్చింది.

వెనకే ఎలీసమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏలు తియ్యరా" అంది మెల్లగా.

"ఏటి మామ్మా?"

"అట్ట మీద ఏలు."

ఎజ్రా బొటనవేలు తీశాడు. అట్ట మూల నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు: పి. అప్పారావు, 1977.

ఎలీసమ్మ ఆ అక్షరాల మీద కొంగుతో ఒకసారి నెమ్మదిగా తుడిచింది.

"నలభై ఏళ్లు కాపరం సేసినాను, ఆయన రాత నీ ఏలు సాటునుంచి కొంచెం కనిపించినా పోల్చలేనేటి? ఇంటికెల్లి ఆ సంవత్సరం గోకీయ్. పేరు మాత్రం ఉండనీ."