మూడు అక్షరాలేగా!

బడి లైబ్రరీ ముందున్న నల్లరాతి మీద తెర తీసి గంట కూడా కాలేదు. ఆన్సాన్‌లో రేకులు నొక్కే ప్రెస్సు ఫ్యాక్టరీ నడుపుతూ ఈ లైబ్రరీకి డబ్బిచ్చిన ఛైర్మన్ ప్యో, తెల్ల గ్లౌజులైనా విప్పకుండా, మనవరాలి డిక్షనరీ పట్టుకుని స్టాఫ్‌రూములో నా బల్ల దగ్గరికి దూసుకొచ్చాడు.

"ఏమ్మా ఇంగ్లీషు టీచరూ! డోనర్ అంటే రక్తమిచ్చేవాడిలా ఉంది, నా పేరు కింద ఇంకా ఘనమైన ముక్క రాయమన్నానా లేదా?"

"అన్నారు, ఛైర్మన్ గారూ."

"మరి మహోపకారి అనే అర్థంలో బెనిఫాక్టర్ అని ఉండాల్సింది మాలిఫాక్టర్ అని రాసిచ్చావేంటి? అంటే దుర్మార్గుడట! అందరూ చప్పట్లు కొడుతుంటే నా మనవరాలొక్కతే పడీపడీ నవ్వింది!"

"రెండూ ఒకేలా ఉంటాయండీ. ఇంగ్లీషులో మొదటి మూడు అక్షరాలే తేడా."

పొరపాటేనని నమ్మి ఆయన చల్లబడ్డాడు. "సరేలే, మూడు అక్షరాలేగా! దానికింత రాద్ధాంతమెందుకు? రేపటికల్లా మార్పించెయ్."

నేను కుర్చీలోంచి లేచాను.

"మీ ప్రెస్సు కింద మా నాన్న కుడిచెయ్యి నలిగిన రోజు కూడా ఇలాగే అన్నారు, 'మూడు వేళ్లేగా, దానికింత రాద్ధాంతమెందుకు' అని. ముందు అవి అతికించి రండి. ఇవి మార్పిస్తాను."