చేయి అందినంత ఎత్తు

"స్విచ్చి బోర్డులన్నీ నాలుగున్నర అడుగుల ఎత్తులోనేగా సార్?" చేతిలో సుద్దముక్కతో గోడ ముందు నిలబడి అడిగాడు ఎలక్ట్రీషియన్ మస్తాన్.

"వెనక గదిలో మాత్రం మూడడుగులకే పెట్టు. మా ఆవిడకి చక్రాల కుర్చీలోంచి అందాలిగా," అన్నాడు ప్రభాకర్.

పక్కనే ఉన్న సలోమికి మనసు నిండిపోయింది. ప్రమాదం జరిగాక ఇన్నాళ్ళకి, రేపల్లెలో కట్టుకుంటున్న ఈ ఇంట్లో, తన చేత్తో తను లైటు వేసుకోబోతోంది.

"మరి హాల్లో, వంటింట్లో సార్?"

"అక్కడ మామూలే. వచ్చేపోయేవాళ్ళ ముందు ఎబ్బెట్టుగా ఉంటది. అయినా తనకి ఇటు పనేముంది? అన్నీ గదిలోకే అందిస్తాంగా."

ఆ మాట అతను ప్రేమగానే అన్నాడు. తన ఇల్లు ఎంతవరకో సలోమికి అప్పుడు తెలిసింది. ఆ వెనక గది గుమ్మం దాకానే.

"ఆ సుద్దముక్క ఇటివ్వు తమ్ముడూ."

చక్రాలు తోసుకుంటూ వీధి తలుపు దాకా వెళ్ళింది. పక్క గోడ మీద, చేయి అందినంత ఎత్తులో గీత గీసింది.

"ఎందుకు సలోమీ?" అన్నాడు ప్రభాకర్.

ఆమె మస్తాన్ వైపే చూసింది.

"వరండా లైటు స్విచ్చి ఇక్కడ పెట్టు. వచ్చేపోయేవాళ్ళకి నేనే వేస్తాను."