వీడియోలో గొంతు

"అంకుల్, కొంచెం మాట్లాడకుండా ఉంటారా? వీడియో రికార్డ్ అవుతోంది."

కెమెరా మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు ఫణికుమార్.

అమెరికాలో, మిన్నెసోటాలోని సుపీరియర్ సరస్సు ఒడ్డు. చీకటి పడిందో లేదో ఆకాశంలో రంగుల వెలుగులు, అరోరా, మొదలైంది. దాని కోసమే భార్య భానుశ్రీతో కలిసి పార్సిప్పనీలోని ఇంటి నుంచి వచ్చాడు. అంతకు ముందు వచ్చినప్పుడల్లా మబ్బులే దక్కాయి.

తీరా ఇవాళ ఆకాశం తేటగా ఉంటే, పక్కన ఈ తెలుగు జంట. ఒక పెద్దాయన, శాలువా కప్పుకున్న ఆయన భార్య.

పెద్దాయన "సారీ బాబూ" అన్నాడు. గొంతు తగ్గించాడే గానీ మాట ఆపలేదు.

"అదిగో జానకీ, నీళ్ల మీంచి లేచింది. లేత పచ్చ. అరిటాకు సుడి విప్పుతుంటే లోపల కనిపిస్తుందే, ఆ పచ్చ. పైకి పాకుతోంది... కొసన గులాబీ రంగు..."

"కదులుతోందా?"

"కదలడమా! మీ అమ్మ పెరట్లో ఆరేసిన వెంకటగిరి చీరలా ఊగిపోతోంది."

ఆవిడ చిన్నగా నవ్వింది.

ఆ నవ్వు కూడా మైక్‌లో పడింది. ఫణికి ఒళ్లు మండింది.

"అంకుల్, ప్లీజ్! ఈ కామెంటరీ ఎవరికి కావాలి?"

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. ఆవిడ ఆయన చెయ్యి నొక్కింది.

"చలేస్తోందండీ, వెళ్దాం."

ఇద్దరూ చేతులు పట్టుకుని కారు వైపు నడిచారు. సరిగ్గా అప్పుడే ఆకాశం ఈ కొస నుంచి ఆ కొస దాకా భగ్గుమంది. వాళ్లు వెనక్కి తిరిగి చూడలేదు.

'ఇంత దూరం వచ్చి అసలుది వదిలేసి పోయారు, పిచ్చివాళ్లు' అనుకున్నాడు ఫణి.

ఇంటికొచ్చాక ఎడిటింగ్‌కి కూర్చున్నాడు. వీడియోతో పాటు తీసిన ఫొటోలో ఓ పక్కన నిలబడ్డ ఆ ఇద్దరినీ చెరిపేశాడు. వీడియోలో పచ్చ రంగు పెంచాడు, నల్లటి నీళ్లకి కాస్త నీలం ఎక్కించాడు.

వంటింట్లోంచి వచ్చిన భానుశ్రీ ఆగి వింది.

"ఎంత బాగా చెప్తున్నాడండీ ఆయన! ఆ గొంతు ఉంచెయ్యండి."

"అరోరాకి అరిటాకు ఏంటి? నలుగురూ నవ్వుతారు."

మాటలన్నీ తీసేసి వేణువు పెట్టాడు. హార్డ్ డిస్క్ నిండిపోయిందని, ఒరిజినల్ ఫొటోలు మాత్రం ఉంచుకుని అసలు వీడియోలన్నీ డిలీట్ చేశాడు.

వీడియో అమెరికాలోని తెలుగు గ్రూపులన్నీ తిరిగింది. పొగడ్తలకి లెక్క లేదు.

చలికాలం వెళ్లాక ఒక ఆదివారం ఫోన్ వచ్చింది.

"ఫణికుమార్ అంకులా? నా పేరు ఇషా. తెలుగు గ్రూపులో మీ అరోరా వీడియో చూశాను, మీ నంబర్ అక్కడే దొరికింది. ఆ రోజు మీ పక్కన మా తాతయ్య, అమ్మమ్మ ఉన్నారు. ఎవరో తెలుగు అబ్బాయి కెమెరాతో వచ్చాడని తాతయ్య చెప్పారు."

ఫణి కాస్త ఇబ్బందిపడ్డాడు. "ఆఁ, గుర్తున్నారు. బావున్నారా?"

"తాతయ్య లాస్ట్ మంత్ చనిపోయారు."

"అయ్యో!"

"అమ్మమ్మ అడగమంది అంకుల్. మ్యూజిక్ లేని వీడియో ఉందా? తాతయ్య మాట్లాడింది?"



"అది... డిలీట్ చేశానమ్మా."

అంటూనే కంప్యూటర్‌లో ఫొటోల ఫోల్డర్ తెరిచాడు.

"కానీ ఫొటో ఉంది!" గబగబా అన్నాడు. "ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు, వెనకాల ఆకాశమంతా పచ్చగా. పెద్ద ప్రింట్ వేయించి పంపిస్తాను. ఆంటీ రోజూ చూసుకోవచ్చు."

"ఏమంటున్నాడే?" ఫోన్‌లో ఆవిడ గొంతు దూరంగా వినిపించింది.



"ఫొటో వద్దు అంకుల్," అంది ఇషా మెల్లగా. "అమ్మమ్మ బ్లైండ్, ఏదైనా తాతయ్య చెప్తేనే చూసేది."