ఇద్దరి రక్తం

"ఆ పిల్లదొక్కటే తీస్తే ఏం లాభం? ఆ అబ్బాయిది కూడా తియ్యమ్మా."

రక్తం తీసే గది గుమ్మంలో నిలబడి ఆ మాటన్నది ఎవరో ముసలావిడ.

సూది పట్టుకున్న నర్సు తలెత్తింది. చెయ్యి చాపి కూర్చున్న ఆమె కూడా తలెత్తింది. పక్కనే నిలబడ్డ భర్త మొహం చిట్లించాడు.

"ఎవరండీ మీరు? మధ్యలో మీకెందుకు?"

"మీరు పుస్తకాల బైండింగు షాపు వాళ్లేగా?" దగ్గు ఆపుకుంటూ అడిగింది ముసలావిడ.

"అయితే?"

"తెలిసినదాన్నే నాయనా. కడుపు నిలవకపోతే ప్రతిసారీ ఆడదాన్నే పొడిపిస్తే ఎలా? నువ్వూ చెయ్యి చాపు."

నర్సు నెమ్మదిగా అంది. "డాక్టరుగారు ఇద్దరిదీ అనే రాశారండీ. మీరే వద్దన్నారు."

భర్తకు ఒళ్లు మండింది. "చూశావా? టెస్టుకింతని కమీషన్ కొట్టే బాపతు! వాచ్‌మన్, ఈవిణ్ణి బయటికి తీసుకెళ్లు."

వాచ్‌మన్ వచ్చి ముసలావిడ మోచెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ పెనుగులాడలేదు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగింది.

"నీ తప్పేం లేదమ్మా. ఆ సంగతి మాత్రం మర్చిపోకు."

ఆమెకు మూడుసార్లు కడుపు పోయింది. ఇన్నాళ్లలో ఆ మాట అన్నవాళ్లు లేరు. అమ్మ కూడా అనలేదు.

ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ముందు ఆయనది తియ్యండి. లేకపోతే నాదీ వద్దు."

"పిచ్చా నీకు?"

ఆమె కుర్చీలోంచి లేవలేదు. బయట క్యూలో జనం గొణగడం మొదలుపెట్టాక భర్త విసురుగా చొక్కా చెయ్యి మడిచాడు.

"ఇంటికెళ్లాక మా అమ్మకి నువ్వే చెప్పుకో."

అత్తయ్య అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "మగాడికి సూదులేమిటి, చోద్యం కాకపోతే! మా వంశంలో లేని రోగం."

ఆ తర్వాత ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. ఊడ్చిన గదే మళ్లీ ఊడ్చేది. పొయ్యి మీద పాలు పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లేది, పొంగిన వాసన వస్తే పరుగెత్తుకొచ్చేది. ఫలితం వచ్చిందా అని రోజూ ల్యాబుకు ఫోను చేసేది.

"కణాలు పెరగాలి కదమ్మా," విసుక్కోకుండా చెప్పేది అవతలి అమ్మాయి. "అవి రెండుగా విడిపోయే వేళకు పట్టుకుంటేనే క్రోమోజోములు కనిపిస్తాయి. తొందరపడితే అవుతుందా?"

మూడు వారాలకి డాక్టరు పిలిచింది. ఫొటోలో చారల చారల పుల్లలు జతలు జతలుగా పేర్చి ఉన్నాయి.

"మీవి శుభ్రంగా ఉన్నాయమ్మా." భర్త వైపు తిరిగింది. "మీవీ నలభై ఆరు ఉన్నాయి. కాకపోతే ఇదిగో, దీని ముక్క దానికి, దాని ముక్క దీనికి అతుక్కుంది."

భర్త ఫొటో మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు.

"రెండు పుస్తకాల పేజీలు తారుమారై కుట్టేసినట్టు."

"అంతే. రెండు పుస్తకాలూ మీ దగ్గరే ఉన్నాయి కనక మీకు ఏ లోటూ లేదు. కానీ బిడ్డకు వాటిలో ఒక్కటే వెళ్తే?"

"కొన్ని పేజీలు ఎక్కువొస్తాయి. కొన్ని అసలుండవు."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. కోపం రావాల్సిన చోట జాలి వచ్చింది.

"ఇది ఎవరి తప్పూ కాదు," అంది డాక్టరు. "మంచి బిడ్డ పుట్టే అవకాశమూ ఉంది. ఈసారి మొదట్లోనే పరీక్ష చేసి చూద్దాం. ఇది మీ అమ్మగారి నుంచో నాన్నగారి నుంచో వచ్చి ఉండొచ్చు. వాళ్లనీ ఒకసారి రమ్మనండి."

అత్తయ్య ఇంతెత్తున లేచింది. "నాకేం ఖర్మ! వీడికి ముందు రెండు పోయినా..." అని నాలుక్కరుచుకుంది.

మామయ్య మాత్రం కండువా వేసుకుని బయల్దేరాడు. ఫలితం రావడానికి మళ్లీ అంత కాలం పట్టింది. ఆ తారుమారు ఆయనలోనూ ఉంది.

ఆయన డాక్టర్ని ఒక్కటే అడిగాడు.

"అయితే ఇది ఆడవాళ్ల వల్ల వచ్చింది కాదన్నమాట?"

"కాదండీ."

ఇంటికి వచ్చి వాలుకుర్చీలో కూలబడ్డాడు. ఆమె మంచినీళ్లు ఇచ్చింది.

"మామయ్యా, ఆ రోజు ఆసుపత్రిలో ఓ పెద్దావిడ పట్టుబట్టకపోతే ఈయన చెయ్యి చాపేవారే కాదు. పాపం, వాచ్‌మన్‌తో గెంటించాం. మనం తెలుసంది, నా తప్పేం లేదంది. ఎవరో తెలిస్తే ఓ దండం పెట్టి వద్దును."

"ఎలా ఉంటుంది?"

"పొడుగ్గా, సన్నగా. బాగా దగ్గుతోంది."

మామయ్య గ్లాసు కింద పెట్టేశాడు. నీళ్లు తాగలేదు.

"పద."

ఎవరో తరుముతున్నట్టు నడిచాడు. ఎవర్నీ దారి అడగలేదు. నాలుగు వీధులు దాటి, ఒక ఇంటి తలుపు కొట్టబోయి చెయ్యి దించేసుకున్నాడు. ఆమే కొట్టింది.

చంటిపిల్లను చంకనెత్తుకున్న ఒకామె తలుపు తీసింది. లోపల హాలు నిండా ఆ ఇంటి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు. గోడ మీద ఫొటోలో ఆ ముసలావిడ.

"అమ్మ కోసం వచ్చారా? పోయిన వారమే పోయిందండీ." తలుపు తీసినామె కళ్లు తుడుచుకుంది. "మేం నలుగురు పిల్లలం ఉన్నా, ఎవరికీ చెప్పకుండా నొప్పి ఓర్చుకుంది. మీరు ఎవరు?"

మామయ్య గుమ్మం పట్టుకున్నాడు.

"గొడ్రాలని పేరుపెట్టి మీ అమ్మను ఇంట్లోంచి వెళ్లగొట్టిన మొదటి మొగుణ్ణి తల్లీ."